‘ఇంకా ఎంతసేపు పడతాది నాయినా?’: తిరుమల క్యూలో ఒక ప్రశ్న, నాలుగు సబ్జెక్టులు

రోజూ పొద్దున్నే ఫోన్‌లో ఒక వార్త కనిపిస్తుంది, మీరూ చూసే ఉంటారు. ‘తిరుమలలో కొనసాగుతున్న భక్తుల రద్దీ. కంపార్ట్‌మెంట్లన్నీ నిండి బయటికి వచ్చిన క్యూ. టోకెన్ లేనివారికి సర్వదర్శనానికి ఇన్ని గంటలు. నిన్న స్వామిని దర్శించుకున్నవారు ఇంతమంది. తలనీలాలు సమర్పించినవారు ఇంతమంది. హుండీ కానుకలు ఇన్ని కోట్లు.’ చదివేసి, వేలితో పైకి తోసేసి, తర్వాతి రీల్‌కి వెళ్లిపోతాం.

నేనూ అంతే. తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి కదా, ఆ అంకెలు నాకు వాతావరణ వార్తల్లాంటివి. ఓ పెరటాసి శనివారం మధ్యాహ్నం ఒక అవ్వ నన్ను ఓ ప్రశ్న అడిగింది. అప్పటి నుంచి ఆ వార్తను అలా తోసేయలేకపోతున్నా.

పెరటాసి తమిళ నెల. సెప్టెంబర్, అక్టోబర్ మధ్యలో వస్తుంది. ఆ నెల శనివారాలు స్వామికి ప్రీతి అని తమిళనాడు నుంచీ, మా చిత్తూరు పల్లెల నుంచీ జనం కొండకు పోటెత్తుతారు. ఆ వారం నేను శ్రీవారి సేవకుడిగా ఉన్నా. 2000లో మొదలైన సేవ ఇది. కొండ మీదే ఉండి, క్యూలో ఉన్నవాళ్లకు మంచినీళ్లు, అన్నప్రసాదం అందించడం లాంటి పనులు చేయాలి. నా డ్యూటీ వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో పడింది.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు నీళ్లు ఇస్తుంటే, కంపార్ట్‌మెంట్ మూలన కూర్చున్న అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

‘‘ఇంకా ఎంతసేపు పడతాది నాయినా?’’

‘‘తెలీదవ్వా. స్వామి దయ.’’

‘‘స్వామి దయ నాకూ తెలుసులే. ఎంతసేపని అడిగితి.’’

మదనపల్లె దగ్గరి పల్లె ఆమెది. రెండు పాడావులు. వాటిని పక్కింటి వాళ్లకు అప్పజెప్పి వచ్చింది. ‘‘ఒక్కపూటకే చెప్పొచ్చినా. రేపు పొద్దున పాలు పిండాల. పిండకుంటే పొదుగు గట్టిపడి ఆవు అల్లాడిపోతాది. నేను పోయేలోగా ఎవురు పిండేది? ఎంతసేపో తెలిస్తే పోనన్నా చేద్దును. నీకు తెలీకుంటే మెళ్లో ఆ గుడ్డ దేనికి మరి?’’

నా దగ్గర జవాబు లేదు. మెళ్లో ఉన్న సేవకుల స్కార్ఫ్ ఒక్కసారిగా బరువెక్కింది.

కంప్యూటర్ వాడి జవాబు: మనుషుల్ని లెక్కపెట్టక్కర్లేదు

రెండు గంటలకు విరామం. గదిలో నాతోపాటు ముగ్గురు సేవకులు ఉన్నారు. ఒకడు కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఒకన్న ఎకనామిక్స్ లెక్చరర్. ఇంకో అన్న సివిల్ ఇంజినీర్. మా ఊరికి ఇలాంటి కలయిక కొత్తేం కాదు. 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. 2015లో ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చాయి. టీ కొట్టు దగ్గర నిలబడితే నాలుగు డిపార్ట్‌మెంట్ల వాళ్లు దొరుకుతారు.

అవ్వ సంగతి చెప్పా. కంప్యూటర్ వాడు నవ్వాడు. ‘‘ఇది 1961 నాటి లెక్క మామా’’ అన్నాడు.

అమెరికాకు చెందిన జాన్ లిటిల్ ఆ ఏడాది ఒక చిన్న సూత్రాన్ని రుజువు చేశాడు. క్యూలో ఉన్నవాళ్ల సంఖ్యను, గంటకు లోపలికి వెళ్లేవాళ్ల సంఖ్యతో భాగిస్తే సగటున వేచి ఉండే సమయం వస్తుంది. అంతే. బ్యాంకు క్యూ అయినా, ఆస్పత్రి ఓపీ అయినా, సర్వర్ ముందు నిలబడ్డ రిక్వెస్టులైనా ఇదే సూత్రం. అంతకుముందే, 1909లో, కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఇంజినీరు ఫోన్ కాల్స్ రద్దీని లెక్కగట్టి ఈ శాస్త్రానికి పునాది వేశాడు. మీ ఫోన్‌లో ‘నెట్‌వర్క్ బిజీ’ అనే మాట వెనక ఉన్నది ఆయన లెక్కే.

‘‘కొండ మీద రోజుకు సుమారు డెబ్భై వేల మంది దర్శనం చేసుకున్నారనుకో. ఇరవై గంటలు దర్శనం నడిచిందనుకో. గంటకు మూడున్నర వేలు. అంటే దాదాపు సెకనుకు ఒకరు’’ అన్నాడు.

సెకనుకు ఒకరు! గర్భాలయం ముందు ‘జరగండి, జరగండి’ అని ఎందుకు తొందరపెడతారో అప్పుడు అర్థమైంది. ఆ చోట ప్రతి మనిషీ అదనంగా ఒక్క సెకను నిలబడితే, గంటకు వెళ్లేవాళ్లు సగానికి సగం తగ్గిపోతారు. వెనకున్న పది గంటల క్యూ ఇరవై గంటలవుతుంది.

‘‘మరి అవ్వ ముందున్న వేలమందిని ఎట్లా లెక్కపెట్టేది?’’

‘‘మనుషుల్ని ఎందుకు? కంపార్ట్‌మెంట్లను లెక్కపెట్టు. ముందు ఎన్ని ఉన్నాయి, గంటకు ఎన్ని తెరుస్తున్నారు. యూనిట్ ఏదైనా సూత్రం ఒకటే.’’

నోట్‌బుక్‌లో రాసుకున్నా. పన్నెండు గంటలప్పుడు అవ్వ ముందు ఇరవై ఒక్క కంపార్ట్‌మెంట్లు ఉన్నాయి. సాయంత్రం వెళ్లి మళ్లీ చూడాలి.

ఎకనామిక్స్ అన్న లెక్క: ఉచిత దర్శనం ఉచితమా?

ఎకనామిక్స్ అన్న అంతవరకు మంచం మీద పడుకుని వింటున్నాడు. లేచి కూర్చున్నాడు.

‘‘తిరుమలలో అసలు కొరత దేనికిరా? లడ్డూకి కాదు, గదులకి కాదు. స్వామి ముందు నిలబడే ఆ ఒక్క సెకనుకు. రోజుకు అవి ఎన్నో మీరిప్పుడే లెక్కపెట్టారు. అడిగేవాళ్లు అంతకంటే ఎక్కువ. కొరత ఉన్నచోట పంచడానికి ప్రపంచంలో ఎన్ని పద్ధతులున్నాయో, అన్నీ ఈ ఒక్క కొండ మీదే ఉన్నాయి.’’

వేళ్లు మడుస్తూ చెప్పాడు. ఒకటి, వేచి ఉండటం: సర్వదర్శనం. రెండు, ధర: 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, శ్రీవాణి ట్రస్టుకు పదివేలు విరాళమిచ్చి 500 టికెట్ తీసుకోవడం. మూడు, అదృష్టం: ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ డిప్. నాలుగు, ముందొచ్చినవాళ్లకు ముందు: తిరుపతిలో ఇచ్చే స్లాట్ టోకెన్లు. ఐదు, సిఫార్సు: బ్రేక్ దర్శనానికి తెచ్చుకునే లేఖలు.

1974లో యోరమ్ బార్జెల్ అనే ఆర్థికవేత్త వేచి ఉండటం మీద ఒక పేపర్ రాశాడు. ఉచితంగా ఇచ్చేది ఏదైనా కొరతగా ఉంటే, దానికి ధర ఉండకపోదు, ఆ ధర గంటల్లో ఉంటుందన్నది దాని సారం. డబ్బుతో కొంటే ఆ డబ్బు ఎవరో ఒకరికి చేరుతుంది. గంటలతో కొంటే ఆ గంటలు ఎవరికీ చేరవు, గాల్లో కలిసిపోతాయి.

‘‘రోజుకు ఆరువందల కూలి చేసుకునే మనిషి రెండు రోజులు పోగొట్టుకున్నాడనుకో. పన్నెండు వందలు. పక్క లైన్లో టికెట్ మూడువందలు. ఏది ఖరీదు?’’

‘‘అయితే అందరికీ మూడువందల టికెట్ పెడితే పోదా అన్నా?’’

‘‘తొందరపడకు. ధర ఒక్కటే పెడితే జేబు చూసి పంపినట్టవుతుంది. క్యూ ఒక్కటే పెడితే జీతం కోయని సెలవు ఉన్నవాడికి సుఖం, రోజుకూలికి నష్టం. గంటలు అందరికీ ఇరవై నాలుగే కానీ, ఒక్కొక్కరి గంటకు ఒక్కో ఖరీదు. ఇంకోటి చూడు, ఆ టికెట్ ధర నిజంగా మూడువందలేనా? మూడు నెలల తర్వాతి తేదీకి ఇప్పుడే ఆన్‌లైన్‌లో బుక్ చేయాలి. స్మార్ట్‌ఫోన్ కావాలి, మంచి నెట్ కావాలి, మూడు నెలల తర్వాత ఏ రోజు ఖాళీయో తెలియాలి. మీ అవ్వకు తన ఆవు ఎప్పుడు ఈనుతుందో తెలుసు గానీ, ఓటీపీ ఎప్పుడొస్తుందో తెలీదు.’’

నవ్వుకున్నాం గానీ, ఆ మాట మనసులో నిలిచిపోయింది. అన్న చెప్పిన అసలు పాయింట్ తర్వాత వచ్చింది. ఎంతసేపు పడుతుందో తెలియకపోవడం కూడా ఒక ఖర్చే. పది గంటలని కచ్చితంగా తెలిస్తే అవ్వ ఒక్క ఫోన్ చేసి ఏర్పాటు చేసుకుంటుంది. ‘ఆరు కావచ్చు, ఇరవై కావచ్చు’ అంటే ఇరవైకీ సిద్ధపడాలి. స్లాట్ టోకెన్ గొప్పతనం అక్కడే. క్యూ పొడవు అంతే ఉన్నా, మనిషి నిలబడి కాకుండా గదిలో పడుకుని, గోవిందరాజస్వామి గుడి చూసొచ్చి ఎదురు చూడొచ్చు.

చీటీలు కలపడం అంత ఈజీ కాదు

‘‘మరి డిప్ సంగతి?’’ అని కంప్యూటర్ వాణ్ణి కదిలించా.

‘‘పది గంటలకు కోటా వదిలితే ఏమవుతుంది? లక్షలమంది ఒకే క్షణంలో బటన్ నొక్కుతారు. వేగమైన నెట్ ఉన్నవాడు గెలుస్తాడు. కొండ మీది క్యూ సర్వర్ ముందుకు మారిందంతే. డిప్‌లో ఆ పరుగు ఉండదు. గడువులోపు ఎప్పుడు పేరిచ్చినా ఒకటే. కానీ చీటీలు సరిగ్గా కలపాలి.’’

అదేం పెద్ద పని అనుకున్నా. వాడు మూడు కాగితం ముక్కలు తీశాడు.

‘‘మూడు చీటీలను ఎన్ని వరసల్లో పేర్చొచ్చు? ఆరు. ఇప్పుడు కొత్త ప్రోగ్రామర్ ఏం చేస్తాడంటే, ఒక్కో చీటీ తీసి, మూడు స్థానాల్లో ఏదో ఒకదానితో మార్చేస్తాడు. మూడుసార్లు. అంటే మూడు ఇంటూ మూడు ఇంటూ మూడు, ఇరవై ఏడు దారులు. ఇరవై ఏడును ఆరుతో భాగించు.’’

భాగం పోదు. అంటే కొన్ని వరసలకు ఎక్కువ దారులు, కొన్నింటికి తక్కువ. ఎవరూ మోసం చేయలేదు, అయినా న్యాయం జరగలేదు! సరైన పద్ధతిలో ఒకసారి తీసిన చీటీని మళ్లీ ముట్టుకోరు. మొదట మూడింట్లో ఒకటి, తర్వాత మిగిలిన రెండింట్లో ఒకటి. మూడు ఇంటూ రెండు ఇంటూ ఒకటి, ఆరు. ఒక్కో వరసకు ఒక్క దారి. 1938లో ఫిషర్, యేట్స్ అనే గణాంక శాస్త్రవేత్తలు కాగితం మీద చెప్పిన పద్ధతి ఇది. 1964లో డర్‌స్టెన్‌ఫెల్డ్ దాన్ని కంప్యూటర్‌కు తగ్గట్టు రాశాడు. మీ ఫోన్‌లో పాటల షఫిల్ నుంచి ఎలక్ట్రానిక్ డిప్ దాకా, ఎక్కడ కలపడం ఉన్నా అడగాల్సిన ప్రశ్న ఇదే: అందరికీ దారులు సమానంగా ఉన్నాయా?

సివిల్ అన్న మాట్లాడిన క్షణం

సివిల్ అన్న అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. ‘ముందొచ్చినవాళ్లకు ముందు’ అన్న మాట మళ్లీ వచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టాడు.

‘‘ఆ రూల్ కాగితం మీద బాగానే ఉంటుంది. గేటు దగ్గర బాగుండదు.’’

గదిలో మాటలు ఆగిపోయాయి. తిరుపతి వాళ్లం, ఆయన దేని గురించి అంటున్నాడో అందరికీ తెలుసు. 2025 జనవరి 8. ఆ నెల 10న వైకుంఠ ఏకాదశి. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు 9వ తేదీ తెల్లవారుజామున ఇస్తారన్నారు. ముందురోజే జనం తిరుపతిలోని కౌంటర్ల దగ్గరికి చేరారు. ఆ రాత్రి జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. దేవుడి దర్శనానికి కూడా కాదు, దర్శనం టోకెన్ కోసం.

‘‘జనం క్రమశిక్షణ లేకుండా తోసుకున్నారని అంటారు. ఈ మాట నాకు నచ్చదు’’ అన్నాడు సివిల్ అన్న. ‘‘చదరపు మీటరుకు ఇద్దరు ముగ్గురు ఉన్నంతవరకు మనిషి మనిషిలా నడుస్తాడు. ఐదు దాటితే భుజాలు కదలవు. ఏడుగురి దగ్గరికి వస్తే ఆ గుంపు నీళ్లలా ప్రవహిస్తుంది. నీ కాళ్లు నీ మాట వినవు. క్రమశిక్షణ ఉన్నా లేకపోయినా ఒకటే.’’

ఈ విషయాన్ని జాన్ ఫ్రూయిన్ అనే ఇంజినీరు ఏళ్ల తరబడి చదివాడు. పాదచారుల కోసం దారులు ఎంత వెడల్పు ఉండాలో చెబుతూ 1971లో ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ ఆధారం. ఇలాంటి ప్రమాదాల్లో చాలామంది కాళ్ల కింద పడి కాదు, నిలబడి ఉండగానే ఛాతీ మీద ఒత్తిడికి ఊపిరాడక చనిపోతారని ఆయన చెప్పాడు. ‘తొక్కిసలాట’ అన్న మన మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుందన్నమాట.

2006లో హజ్ సమయంలో మక్కా దగ్గరి మినాలో మూడువందల మందికి పైగా చనిపోయారు. ఆనాటి వీడియోలను డిర్క్ హెల్బింగ్ బృందం పరిశీలించి 2007లో పేపర్ ప్రచురించింది. మొదట గుంపు సాఫీగా నడుస్తుంది. తర్వాత ఆగుతూ, కదులుతూ అలలు అలలుగా వెళుతుంది. ఆ అలలు కనిపించాయంటే ప్రమాదం దగ్గర్లోనే ఉందని అర్థం. ఆపైన జనం అన్ని వైపులకూ ఊగిపోతారు. ఆ సమయంలో లోపలున్నవాళ్లు ఎంత అరిచినా వెనకున్నవాళ్లకు వినబడదు. పైనుంచి చూసే కెమెరాకు మాత్రం తెలుస్తుంది.

‘‘అందుకే కంపార్ట్‌మెంట్లు’’ అన్నాడు అన్న. ‘‘జైల్లో పెట్టినట్టు కూర్చోబెట్టారని జనం విసుక్కుంటారు. కానీ వెనకవాళ్ల బరువు ముందువాళ్ల మీద పడకుండా ఆపేది ఆ గోడే. డ్యామ్ గేట్ల లాగా, ఒక్కోసారి ఒక్క గదిలోని వాళ్లనే వదులుతారు. ఘాట్ రోడ్డు చూడండి. 1944లో మొదటిది వేశారు. 1974లో రెండోది వచ్చింది. ఇప్పుడు ఒకటి ఎక్కడానికి, ఇంకోటి దిగడానికి. ఎదురెదురు ప్రవాహాల్ని విడదీస్తే సగం ప్రమాదం పోతుంది. మనుషుల క్యూకీ అదే సూత్రం.’’

ఎకనామిక్స్ అన్న మెల్లగా అందుకున్నాడు. ‘‘మా వైపు నుంచి కూడా ఒకటుంది. విలియం విక్రీ అని, తర్వాత 1996లో నోబెల్ వచ్చింది. 1969లో ట్రాఫిక్ గురించి రాశాడు. ఇరుకు దారి ముందు అందరూ ‘నేను కొంచెం ముందే వెళ్తా’ అనుకుంటే, దారి దాటేవాళ్లు పెరగరు, క్యూ మాత్రం పెరుగుతుంది. తెల్లవారుజామున ఇచ్చే టోకెన్‌కి ముందురోజే వచ్చారంటే జనం తెలివితక్కువవాళ్లు కాదు. ఆ రూల్ కింద అదే తెలివైన పని. మార్చాల్సింది రూల్‌ని.’’

ఆ రాత్రి చనిపోయినవాళ్లలో ఎవరైనా నేను రోజూ నీళ్లిచ్చే ఇలాంటి మనుషులే కదా అనిపించింది. అవ్వ ఎంతసేపని అడిగింది. మినా పేపరూ, విక్రీ పేపరూ అడిగిందీ అదే.

అక్క ఫోన్: అన్నం ఎప్పుడు వండింది?

ఐదు గంటలకు డ్యూటీకి నడుస్తూ మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేశా. అక్క మైక్రోబయాలజీ చదివింది. అవ్వ కథ మొత్తం చెప్పా. ఆవుల గురించి కాదు, ఇంకోటి అడిగింది.

‘‘ఆమె తినడానికి ఏం తెచ్చుకుంది?’’

‘‘స్టీల్ క్యారియర్‌లో ఏదో ఉంది. పులిహోర అనుకుంటా.’’

‘‘హమ్మయ్య. ఉట్టి అన్నమైతే పడేయమనేదాన్ని.’’

బియ్యంలో బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయట. అన్నం ఉడికినా కొన్ని చావవు. అన్నం గోరువెచ్చగా అయ్యాక నిద్రలేచి పెరగడం మొదలుపెడతాయి. ‘‘అరగంటకు రెట్టింపు అవుతుందనుకో’’ అంది. ‘‘నాలుగు గంటల్లో ఎనిమిదిసార్లు రెట్టింపు. ఒకటి 256 అవుతుంది. పన్నెండు గంటల్లో ఇరవై నాలుగుసార్లు. ఒకటి ఎంతవుతుందో ఫోన్‌లో కొట్టు.’’

కొట్టా. కోటీ అరవై ఏడు లక్షలు దాటింది.

మూడు రెట్లు ఎక్కువసేపు ఆగితే, క్రిములు మూడు రెట్లు కాదు, అరవై వేల రెట్లకు పైగా ఎక్కువ. మా ముగ్గురి లెక్కల్లో క్యూ సమయం ఒక గుణకం. అక్క లెక్కలో అది ఘాతాంకం, అంటే రెండు నెత్తిన కూర్చున్న అంకె. క్యూలో ఇచ్చే ఉప్మా, పొంగలి వేడివేడిగా వచ్చి అక్కడికక్కడే అయిపోవాలని పట్టుబట్టడం మర్యాద కోసమే కాదని అప్పుడు తెలిసింది. 60 డిగ్రీల పైన ఉంచితే ఆ క్రిమి పెరగదు. ఆ వేడికి కూడా ఇక్కడ ఒక చరిత్ర ఉంది. 2002లోనే తిరుమలలో 106 సౌర డిష్‌లతో ఆవిరి పుట్టించి, రోజుకు పదిహేను వేల మందికి వండేలా ఏర్పాటు చేశారు.

‘‘మరి పులిహోర?’’

‘‘చింతపండు పులుపు, ఉప్పు, నూనె. పులుపులో ఆ క్రిమి సరిగ్గా పెరగలేదు. కొండ ప్రయాణానికి మన పెద్దోళ్లు పులిహోరే ఎందుకు కట్టుకున్నారనుకున్నావ్? ల్యాబ్ లేకుండా కనిపెట్టిన రీసెర్చ్ అది. లడ్డూ కూడా అంతే.’’

లడ్డూ కథ ఇంకా బాగుంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన మన లడ్డూకి ‘దిట్టం’ అనే కొలతల పట్టిక ఉంది. 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, ఆవు నెయ్యి 165, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. మొత్తం 803 కిలోలు. అందులో దాదాపు సగం చక్కెరే! ఆ చక్కెర, లడ్డూలో ఉన్న నీటిని పట్టేసుకుంటుంది. నీళ్లు ఉంటాయి గానీ క్రిములకు తాగడానికి దొరకవు. ఆహారంలో నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, క్రిములకు ఎన్ని అందుతాయన్నదే ముఖ్యమని 1950లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త విలియం స్కాట్ నిరూపించాడు. దీన్నే వాటర్ యాక్టివిటీ అంటారు.

‘‘అందుకే ఫ్రిజ్ లేకున్నా లడ్డూ రోజుల తరబడి ఉంటుంది. కానీ నువ్వు చేసే వెధవ పని ఒకటుంది’’ అంది అక్క. ‘‘వేడి లడ్డూని ప్లాస్టిక్ కవర్లో ముడేస్తావ్. లోపల చెమ్మ పట్టి, చుక్కలు లడ్డూ మీద పడతాయి. ఆ చుక్క పడ్డ చోట చక్కెర పలచబడి బూజు మొదలవుతుంది. ఇంటికెళ్లగానే కవర్ విప్పి, పొడి డబ్బాలో పెట్టు.’’

ఈ ఒక్క సలహా కోసమైనా మీరు ఇంతవరకు చదివినందుకు గిట్టుబాటే.

అవ్వకు జవాబు

ఐదున్నరకు మళ్లీ అవ్వ దగ్గరికి వెళ్లా. ముందున్న కంపార్ట్‌మెంట్లు లెక్కపెట్టా. పదమూడు. అంటే ఐదున్నర గంటల్లో ఎనిమిది తెరిచారు. గంటకు సుమారు ఒకటిన్నర. మిగిలిన పదమూడుకు ఇంకో తొమ్మిది గంటలు. రాత్రి రెండున్నర. కానీ రాత్రి ఏకాంత సేవ అయ్యాక గుడి తలుపులు మూస్తారు. సుప్రభాతంతో మళ్లీ తెరుస్తారు. ఆ తర్వాతి సేవలయ్యాకే సర్వదర్శనం కదులుతుంది. కంపార్ట్‌మెంట్ దాటాక నడిచే లైన్ ఒకటి ఉంది. ఇవన్నీ కలుపుకుంటే...

‘‘అవ్వా, రేపు పొద్దున ఐదు నుంచి ఎనిమిది మధ్యలో దర్శనం అవుతుంది. మీ ఊరు చేరేది మధ్యాహ్నం దాటాకే.’’

‘‘ఐదా, ఎనిమిదా? ఒకటి చెప్పు.’’

‘‘ఒకటి చెప్తే అబద్ధమవుతుంది. మధ్యలో అంటే నిజమవుతుంది.’’

అవ్వ నా మొహం వంక కాసేపు చూసింది. తర్వాత నడుముకు చెక్కిన సంచిలోంచి చిన్న కాగితం తీసి ఇచ్చింది. పక్కింటి వాళ్ల నంబరు. నా ఫోన్ నుంచి కలిపి ఇచ్చా. ‘‘రేపు పొద్దునపూట కూడా నువ్వే పిండుకో మే. పాలు మీరే తీసుకోండి. ఎర్రావు ముందర గడ్డి ఎయ్యి, లేకుంటే తన్నుతాది.’’ రెండు నిమిషాలు. అంతే.

ఫోన్ తిరిగిచ్చి, గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుంది. పొద్దున్నుంచీ ఆ మనిషి కాళ్లు ముడుచుకునే కూర్చుందని అప్పుడు గమనించా. క్యూ ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. ఆమెకు మాత్రం తగ్గినట్టే ఉంది. డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లో ఇదే రాశాడని తర్వాత ఎకనామిక్స్ అన్న చెప్పాడు: ఎంతసేపో తెలియని ఎదురుచూపు, తెలిసిన ఎదురుచూపు కంటే పొడవుగా అనిపిస్తుందట.

నేను చేసింది పెద్ద పరిశోధన కాదు. రెండుసార్లు లెక్కపెట్టి ఒకసారి భాగించా. కానీ ఆ లెక్క వెనక ఓ టెలిఫోన్ ఇంజినీరు, కొందరు ఆర్థికవేత్తలు, గుంపుల వీడియోలు చూస్తూ కూర్చున్నవాళ్లు, అన్నంలో క్రిముల్ని వెతికినవాళ్లు ఉన్నారు. రీసెర్చ్ పేపర్ అనగానే మనకు సంబంధం లేని ఇంగ్లిష్ అనుకుంటాం. పేరు తీసేసి చూస్తే చాలావాటిలో ఉన్నది అవ్వ అడిగిన లాంటి ప్రశ్నే. కంపార్ట్‌మెంట్ గోడ మీద ఓ తెర పెట్టి, ‘మీకు ఇంకా 9 నుంచి 12 గంటలు’ అని తెలుగులో, తమిళంలో చూపిస్తే ఎంతమంది పాలు పిండే ఏర్పాటు చేసుకుంటారో! పిల్లలకు ఎప్పుడు తినిపించాలో, మందులు ఎప్పుడు వేసుకోవాలో, ఏ బస్సు పట్టుకోవాలో తెలుసుకుంటారు.

మర్నాడు పది గంటలకు నా ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఎవరిదో అడిగి చేసినట్టుంది.

‘‘నాయినా, నేను. దర్శనమైంది. బాగా అయింది. నువ్వు ఎనిమిదంటివి. తొమ్మిదైంది.’’

‘‘తప్పైందవ్వా.’’

‘‘ఏం పర్లేదు. గంటే గదా’’ అంది. ‘‘రొండు లడ్డూలు ఇచ్చినారు. కవర్లో కట్టినారు. ఇప్పేదా, వద్దా?’’

‘‘ఇప్పేయవ్వా. ఇంటికి పోతానే ఇప్పి డబ్బాలో పెట్టు’’ అన్నా.

గదిలోకి వెళ్లి చెప్పగానే ముగ్గురూ ఆ ఒక్క గంట తప్పు మీద పడ్డారు. సేవల సమయం తక్కువ వేశావని కంప్యూటర్ వాడు. బ్రేక్ దర్శనాలు మర్చిపోయావని ఎకనామిక్స్ అన్న. లోపలి మలుపు దగ్గర వేగం తగ్గుతుంది, అక్కడ నిలబడి చూడాలని సివిల్ అన్న. టీ చల్లారిపోయింది, వాదన అవలేదు. ఆ సాయంత్రం నలుగురం నాలుగు మలుపుల దగ్గర నిలబడి, వాచీ చూసుకుంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టాం.